తాళం వేసిన వార్డులో మన ఆడపిల్ల: బాగా చూస్తున్నారో లేదో తెలుసుకోవడం ఎలా?

ఇవాళ మాట్లాడుకోబోయే విషయం మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. ఇంట్లో ఒక ఆడమనిషికి మనసు బాగోలేదు, ఇంట్లో ఉంచి వైద్యం చేయించే పరిస్థితి దాటిపోయింది, తీసుకెళ్ళి మానసిక ఆస్పత్రిలో చేర్చారు. ఆ తర్వాత ఏం జరుగుతోంది? వాళ్ళని అక్కడ సరిగా చూస్తున్నారని మనకి ఎలా తెలుస్తుంది?

మాది ముదినేపల్లి. గుడివాడకీ కైకలూరుకీ మధ్యలో వరిచేలు, చేపల చెరువులు. మా వైపు ఇలాంటి కుటుంబాన్ని ఎవరినైనా "అమ్మాయి ఎలా ఉందండీ?" అని అడగండి, "బాగానే చూస్తున్నారటండీ" అంటారు. ఆ "అట" గమనించారా? ఎవరో చెప్పగా విన్నామని అర్థం. ఎవరు చెప్పారు? వార్డు బయట ఆయా చెప్పింది, ఫోన్లో ఎవరో చెప్పారు. కళ్ళతో చూసింది లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ "అట" స్థానంలో "చూశాను, అడిగాను, తెలుసుకున్నాను" అనే మాట ఎలా తెచ్చుకోవాలన్నదే.

ముందు దూరం సంగతి చూడండి. ప్రభుత్వ మానసిక ఆస్పత్రి అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే పేర్లు, విశాఖలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. 2014లో రాష్ట్రం విడిపోయాక ఎర్రగడ్డ తెలంగాణకి వెళ్ళింది. ఇక్కణ్ణించి విశాఖ మూడొందల కిలోమీటర్ల పైమాటే. గుడివాడలో రైలెక్కితే ఒక రోజు పోనూ, ఒక రోజు రానూ. కూలి పోతుంది, ఛార్జీలవుతాయి. మొదటి నెల రెండుసార్లు వెళతారు, తర్వాత నెలకొకసారి, తర్వాత పండక్కి. ఆ పైన ఆ పిల్ల సంగతి "అట" మీదే నడుస్తుంది. ఇది మనుషుల్లో ప్రేమ లేక కాదండీ, దూరం చేసే పని.

ఆడవాళ్ళ వార్డు గురించి విడిగా ఎందుకు చెబుతున్నానంటే, మగవాడికి జబ్బు చేస్తే భార్యో తల్లో వెంట ఉంటుంది. ఆడమనిషికి జబ్బు చేస్తే చాలాచోట్ల భర్త పుట్టింటికి పంపేస్తాడు, తల్లిదండ్రులు ఉన్నన్నాళ్ళు చూస్తారు, వాళ్ళు పోయాక అన్నదమ్ముల మీద పడుతుంది. అంచేత ఆమె కోసం అడిగే మనిషి త్వరగా తగ్గిపోతాడు. తాళం వేసిన చోట, అడిగేవాళ్ళు లేని మనిషికి ఏం జరిగినా బయటికి తెలియదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్, బెంగళూరు నిమ్హాన్స్ కలిసి దేశంలోని 37 ప్రభుత్వ మానసిక ఆస్పత్రులను పరిశీలించి నివేదిక ఇచ్చాయి. చాలావాటిలో జైలు తరహా కట్టడాలు, సెల్స్ అలాగే ఉన్నాయని తేలింది. రెండేళ్ళకి, 2001 ఆగస్టు 6న, తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరున్న ఒక ఆశ్రమంలో మంటలంటుకున్నాయి. గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆస్పత్రి కాని చోట్ల ఎవరి తనిఖీ లేకుండా మనుషుల్ని ఉంచితే ఏమవుతుందో దేశానికి తెలిసిన రోజు అది.

తర్వాత 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన దేశంలో 24 చోట్ల తిరిగి, కేవలం ఆడవాళ్ళ పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. అందులో పుణె ప్రభుత్వ మానసిక ఆస్పత్రి గురించి ఒక లెక్క ఉంది. 1850 మందికి పైగా రోగులు, వంద మరుగుదొడ్లు, వాటిలో పనిచేసేవి 25. డాక్టర్ల చదువులు, మందుల పేర్లు ఏవీ తెలియకపోయినా ఈ ఒక్క లెక్కతో అక్కడ ఆడమనిషి రోజు ఎలా గడుస్తుందో మనకి అర్థమైపోతుంది కదండీ? చూడటం తెలిస్తే, డాక్టరు కాని మనిషి కూడా వైద్యం నాణ్యతలో సగం కొలవగలడు.

మరి కొలిచేవాళ్ళు ఎలా కొలుస్తారు? ఇంగ్లండులో కేర్ క్వాలిటీ కమిషన్ అని ఒక సంస్థ ఉంది. అక్కడ కోర్టు పంపినవాళ్ళని, ప్రమాదం ఉందనుకున్నవాళ్ళని ఉంచే భద్రత ఎక్కువున్న ఆస్పత్రుల్ని కూడా వాళ్ళే తనిఖీ చేస్తారు. వాళ్ళు అయిదు ప్రశ్నలు వేసుకుంటారు. ఇక్కడ క్షేమంగా ఉన్నారా? వైద్యం పనిచేస్తోందా? ఆప్యాయంగా చూస్తున్నారా? రోగి అవసరానికి తగ్గట్టు స్పందిస్తున్నారా? పైవాళ్ళు సరిగా నడుపుతున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో క్వాలిటీ రైట్స్ అని ఒక పద్ధతి ఇచ్చింది. దాన్లో ఒక ముఖ్యమైన సంగతి ఏంటంటే, తనిఖీ బృందంలో డాక్టర్లతో పాటు ఆ జబ్బు అనుభవించి బయటపడినవాళ్ళు, వాళ్ళ కుటుంబసభ్యులు కూడా ఉండాలంటారు. మన దేశంలో గుజరాత్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీన్ని అమలు చేసి చూశారు.

అయితే తనిఖీ జరిగిందంటే సరిపోతుందా? సరిపోదండీ. ఇంగ్లండులోనే వోర్ల్‌టన్ హాల్ అని ఒక చిన్న ఆస్పత్రి ఉండేది, బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవాళ్ళ కోసం. 2017లో తనిఖీ చేసి "బాగుంది" అని రేటింగ్ ఇచ్చారు. 2019లో బీబీసీ విలేకరి ఒకరు అక్కడ ఉద్యోగిలా చేరి రహస్యంగా వీడియో తీస్తే, సిబ్బంది రోగుల్ని వెక్కిరించడం, భయపెట్టడం, నొక్కిపట్టడం అంతా బయటపడింది. కొందరికి కోర్టులో నేరం రుజువైంది. ఆ "బాగుంది" అనే కాగితానికీ లోపల జరిగేదానికీ అంత తేడా. తనిఖీకి వచ్చేవాళ్ళు ఎక్కువగా పగటిపూట వస్తారు. వార్డు అసలు రంగు తెలిసేది రాత్రి పదింటికి, ఆదివారం మధ్యాహ్నం. ఆ వేళల్లో ఏం జరుగుతుందో తెలిసింది రోగికే. అంచేత రోగితో విడిగా మాట్లాడకుండా చేసిన ఏ తనిఖీనీ నేను నమ్మను.

ఇహ మన చట్టం దగ్గరికి వద్దాం. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018లో అమల్లోకి వచ్చింది. దీన్లో ఆడవాళ్ళ గురించి నేరుగా రాసిన మాటలు చాలా ఉన్నాయి. మన కుటుంబాల్లో నూటికి తొంభై మందికి ఇవి తెలియవు. ఒక్కొక్కటీ చెబుతాను, కాగితం మీద రాసుకోండి.

మొదటిది, చేర్చిన మూడు రోజులు. రోగి తనంతట తాను ఒప్పుకోలేని స్థితిలో ఉంటే, ఆమె తరఫున నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుతో చేరుస్తారు. ఆ చేరిక సంగతి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలపాలి. మగవాళ్ళ విషయంలో ఏడు రోజుల్లోపు, ఆడవాళ్ళూ మైనర్ల విషయంలో మూడు రోజుల్లోపు. అలా చేర్చినది ముప్ఫై రోజులకే చెల్లుతుంది. ఆపైన ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా చూడాలి, బోర్డు అనుమతి కావాలి. ముందు 90 రోజులు, తర్వాత 120, ఆ తర్వాత 180 రోజుల చొప్పున. అంటే "చేర్చాం, ఇక అక్కడే ఉంటుంది" అన్న మాట చట్టంలో లేదు. మీరు వెళ్ళి అడగాల్సిన మొదటి ప్రశ్న: "మా అమ్మాయి సంగతి బోర్డుకి ఏ తేదీన తెలిపారండీ?"

రెండోది, ఒంటి శుభ్రం, బట్టలు, జుట్టు. చట్టం 20వ సెక్షన్ చదవండి. శుభ్రమైన చోటు, మరుగుదొడ్డి, మంచి తిండి, మరుగు ఉండాలి. నెలసరి సమయంలో కావలసినవి ఇవ్వాలని చట్టంలోనే రాశారు. బలవంతంగా గుండు గీయకూడదు. తన సొంత బట్టలు కట్టుకోవాలనుకుంటే కట్టుకోనివ్వాలి. పనులు బలవంతంగా చేయించకూడదు, చేస్తే తగిన కూలి ఇవ్వాలి. పేలు పడ్డాయని అందరికీ గుండు కొట్టించేశామంటే, అది శుభ్రత కాదండీ, చట్టం వద్దన్న పని. మనలో ఆడమనిషికి జుట్టంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. గుండుతో ఇంటికొచ్చిన పిల్ల వీధిలోకి రావడానికి ఆర్నెల్లు పడుతుంది. జబ్బు తగ్గినా ఆ సిగ్గు తగ్గదు.

మూడోది, కట్టేయడం. గొలుసులు ఏ రూపంలోనూ వాడకూడదు. ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడం నిషేధం. కట్టి ఉంచడం అనేది, వెంటనే ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువున్నారని కట్టకూడదు. కట్టిన ప్రతిసారీ కారణం, ఎంతసేపు, ఎలా అన్నది కేస్ షీట్‌లో రాయాలి. ఇరవై నాలుగ్గంటలు దాటకుండా నామినేటెడ్ ప్రతినిధికి చెప్పాలి. నెలనెలా బోర్డుకి నివేదిక పంపాలి. మణికట్టు మీద గుర్తులుంటే చూడండి, చూసి ఆ తేదీ కేస్ షీట్‌లో ఉందా అని అడగండి. కరెంటు ట్రీట్‌మెంట్ అంటారే, అది మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడం నేరుగా నిషేధం. వైద్యం పేరుతో గర్భసంచికో ట్యూబులకో ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేయడం కూడా నిషేధం.

నాలుగోది, చంటిబిడ్డ. కాన్పు తర్వాత మనసు దెబ్బతిన్న తల్లులు చాలామంది ఉంటారు. మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదంటుంది చట్టం. బిడ్డకి ప్రమాదం ఉందని డాక్టరు అనుకుంటే తాత్కాలికంగా వేరు చేయొచ్చు. కానీ ఎవరో ఒకరి పర్యవేక్షణలో తల్లి బిడ్డని చూస్తూ ఉండాలి, ప్రతి పదిహేను రోజులకీ ఆ నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించాలి. అత్తింటివాళ్ళు "పిల్లని ఇక నీకు చూపించం" అని చెప్పేది చట్టం కాదు.

అయిదోది, మాట. ఫోన్ చేసుకోవడానికి, మనుషుల్ని కలవడానికి, ఫిర్యాదు చేయడానికి, ఉచితంగా లాయరు సాయం పొందడానికి రోగికి హక్కుంది. రివ్యూ బోర్డు చిరునామా, ఫోన్ నంబరు ఆస్పత్రిలో అందరికీ కనపడేచోట రాసి పెట్టాలి. గేటు దగ్గర ఆ బోర్డు కనపడకపోతే, మీ తనిఖీలో మొదటి మార్కు అక్కడే పోయినట్టు.

మొన్నామధ్య మా వైపు ఒక కుటుంబంతో పాటు నేనూ వెళ్ళాను. ఊరి పేరూ ఆస్పత్రి పేరూ చెప్పను. విజిటర్స్ గది బాగుంది, ఫ్యాను తిరుగుతోంది. అమ్మాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు, పక్కనే ఒక ఆయా నిలబడింది. తల్లి "తింటున్నావా అమ్మా?" అంటే "ఆఁ", "నిద్ర పడుతోందా?" అంటే "ఆఁ". అంతే. నేను సిస్టర్‌ని అడిగాను, "పది నిమిషాలు తల్లీకూతుళ్ళని వదిలేస్తారా అమ్మా, తలుపు తెరిచే ఉంచండి, మీరు అల్లంత దూరంలో కూర్చోండి" అని. ఆవిడ మంచిదే, సరేనంది. బయటికొచ్చాక తల్లి చెప్పింది. సాయంత్రం ఆరు దాటితే బాత్రూమ్ గది తాళం వేస్తున్నారట, రాత్రి బకెట్టు పెడుతున్నారట. అన్నం చాలడం లేదట. ఆ "అట" వేరండీ, అది కూతురి నోటినుంచి వచ్చింది. తల్లి అదే రోజు సూపరింటెండెంటుకి తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంది. పై నెల వెళ్ళేసరికి బాత్రూమ్ తాళం తీశారు. అరుపులు లేవు, గొడవ లేదు. రాసి ఇవ్వడం వల్ల పనైంది.

ఇక్కడ సిబ్బంది వైపు కూడా ఒక మాట చెప్పాలి. రాత్రిపూట అరవై మంది ఆడవాళ్ళకి ఒక సిస్టరు, ఒక ఆయా ఉంటే, ఎంత మంచివాళ్ళయినా తాళం మీదే ఆధారపడతారు. అంచేత "రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? ఆడ సిబ్బంది ఎంతమంది?" అని అడగండి. అది వాళ్ళ మీద నేరం మోపడం కాదు. ఆ ప్రశ్న వాళ్ళ తరఫున కూడా అడిగినట్టే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ లోపలి కొలతలు. అసలు కొలత ఇంకొకటి ఉంది. ఆ ఆస్పత్రి నుంచి మనుషులు ఇంటికి వెళుతున్నారా?

2019లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం 43 ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో లెక్క తీసింది. లోపలున్నవాళ్ళలో ఏడాదికి పైగా ఉంటున్నవాళ్ళు 36 శాతానికి మించి ఉన్నారు. అంతకుముందు 2017లోనే గౌరవ్ కుమార్ బన్సల్ వేసిన కేసులో, జబ్బు నయమైనా ఆస్పత్రుల్లోనే ఉండిపోయినవాళ్ళకి పునరావాసం చూపించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. నయమైనవాళ్ళు ఎందుకు ఉండిపోతారు? తీసుకెళ్ళేవాళ్ళు రాక. తప్పు చిరునామా ఇచ్చి చేర్చినవాళ్ళున్నారు. ఫోన్ నంబరు మార్చేసినవాళ్ళున్నారు.

ఈ ప్రశ్న ఇక ఆస్పత్రిని కాదు, మనల్ని అడుగుతుంది. చట్టం 19వ సెక్షన్ చాలా సూటిగా చెబుతోంది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో ఒక మనిషిని ఆస్పత్రిలో ఉంచేయకూడదు. కుటుంబం వదిలేసినా, సొంత కుటుంబం ఇంట్లో ఉండే హక్కు కోసం ఆమెకి ప్రభుత్వం సాయం చేయాలి, న్యాయసహాయంతో సహా. మన వైపు భూమి సంగతి మీకు తెలుసు. చేపల చెరువు లీజు డబ్బులు ఏటా వస్తాయి. మన నిమ్మకూరు మనిషి ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. ఆస్పత్రిలో ఉన్నంత మాత్రాన ఆమె వాటా పోదు. కొన్ని ఇళ్ళల్లో చెల్లెలు ఇంటికి రాకపోవడానికి కారణం జబ్బు కాదు, ఆ వాటా. కఠినంగా ఉంటే క్షమించండి, కానీ చెప్పకుండా దాటేస్తే ఈ ఎపిసోడ్ సగమే అవుతుంది.

నిజంగానే ఇంటికి రాలేనివాళ్ళు ఉంటారు, కాదనను. వాళ్ళకి కూడా తాళం ఒక్కటే దారి కాదు. చెన్నైలో వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ 1993లో ద బాన్యన్ అని ఒక సంస్థ పెట్టారు, వీధిన పడ్డ మానసిక రోగుల్లో ఆడవాళ్ళ కోసం. తర్వాత వాళ్ళు హోమ్ ఎగెయిన్ అని మొదలుపెట్టారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు మామూలు వీధిలో ఒక అద్దె ఇంట్లో కలిసి ఉంటారు, తోడుగా ఒక కార్యకర్త. వండుకుంటారు, బజారుకెళతారు, పక్కింటివాళ్ళతో మాట్లాడతారు. ఏళ్ళ తరబడి వార్డులో ఉన్నవాళ్ళు అలా బతుకుతున్నారు. గుడివాడలో అలాంటి ఒక ఇల్లు ఎందుకు ఉండకూడదని నా ప్రశ్న.

చివరిగా, చేయగలిగిన పనులు. చేర్చేముందు నామినేటెడ్ ప్రతినిధి ఎవరో కాగితం మీద రాయించండి. వీలైతే ఆమెకి నచ్చిన మనిషిని పెట్టండి, వదిన కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. వెళ్ళిన ప్రతిసారీ తేదీ వేసి ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి: బరువు ఎలా ఉంది, జుట్టు, గోళ్ళు, చేతులు ఎలా ఉన్నాయి, ఏ మందులు, ఏం చెప్పింది. కుటుంబంలో ఒక్కరే కాకుండా వంతులేసుకుని వెళ్ళండి, వేరు వేరు వేళల్లో వెళ్ళండి. ఇబ్బంది ఉంటే ముందు సూపరింటెండెంటుకి, తర్వాత రివ్యూ బోర్డుకి రాసి ఇవ్వండి. ఉచిత న్యాయసహాయానికి 15100. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేనప్పుడు మొదట్లోనే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మొదట్లో పట్టుకుంటే చాలామందికి తాళం దాకా వెళ్ళే పనే ఉండదు.

ఇంకొక్కటి. రిజిస్టరైన ప్రతి మానసిక ఆరోగ్య సంస్థనీ మూడేళ్ళకోసారి ఆడిట్ చేయాలని 67వ సెక్షన్‌లో ఉంది. ఆ ఆడిట్ బృందంలో స్థానిక ప్రజల ప్రతినిధులు కూడా ఉండాలని రాశారు. అంటే మీరూ నేనూ అన్నమాట. రిటైరైన టీచరమ్మలు, నర్సమ్మలు, డ్వాక్రా సంఘాల్లో పనిచేసి లెక్కలు అడగడం నేర్చుకున్న అక్కలు మన మండలంలో ఎంతమంది లేరు? మీ జిల్లాలో ఆ ఆడిట్ చివరిసారి ఎప్పుడు జరిగిందో, దాన్లో ఊరివాళ్ళు ఎవరున్నారో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగండి. పది రూపాయల పని.

మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే పేర్లు లేకుండా రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి మీద మాట్లాడుకుందాం. ఈ వారంలో వెళ్ళాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే వాయిదా వేయకండి.